అద్దంలో గెలిచిన ముడుపు

అనగనగా, అద్దాలు మొహం చూసుకోవడానికి మాత్రమే పనికొచ్చే కాలంలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం. ఆ రాజ్యంలో వలలు అల్లే అన్నదమ్ములు ఇద్దరుండేవారు. అన్న సింగన్న ఏటికి ఇవతల. తమ్ముడు అప్పలకొండ ఏటికి అవతల. తండ్రి వాళ్లకు ఒక వలముడి నేర్పి పోయాడు. ఎంత పెద్ద చేప గుంజినా అది ఊడదు. ఆ ముడి వెయ్యడం గానీ విప్పడం గానీ ఆ ఇద్దరికి తప్ప లోకంలో ఎవరికీ రాదు.

అప్పలకొండకు ఒక్కతే కూతురు, బంగారి. తల్లి లేని పిల్ల. ఆ పిల్ల చూపు రోజురోజుకీ మసకబారుతోంది. వానలు పడకముందే కొండమీది వైద్యుడి చేత పసరు పోయిస్తే చూపు నిలుస్తుందన్నారు. ఆయనకు ఇవ్వవలసిన డబ్బును అప్పలకొండ పసుపు గుడ్డలో ముడుపు కట్టి కొద్దికొద్దిగా పోగేస్తున్నాడు.

ఒకనాడు ఆ తీరానికి ఓడ మీద ఒక వర్తకుడు వచ్చాడు. అరచేతిలో పట్టే అద్దాలు తెచ్చాడు. అద్దంలోకి చూస్తే ఒక కోట. దేశదేశాల మనుషులు ఎవరింట్లో వాళ్లు కూర్చునే, అద్దం మీద వేళ్లు ఆడిస్తూ, ముసుగులు వేసుకుని ఆ కోటలో పోరాడవచ్చు. ఓడినవాడి పందెం సొమ్మును అద్దం మింగుతుంది. గెలిచినవాడి అద్దం దాన్ని కక్కుతుంది.

"ఆడుకోండి, సంపాదించుకోండి!" అని కేకవేశాడు వర్తకుడు. "చెమట పట్టదు, చెయ్యి అరగదు. ఆటకొక కాసు నాకిస్తే చాలు!"

వలలు అల్లి అల్లి సింగన్న వేళ్లు మహా చురుకు. మొదటి రోజే గెలిచాడు. అద్దంలోంచి ఖణేల్మని వెండి కాసులు రాలాయి.

భార్య గవరమ్మ వాటిని ముట్టుకోలేదు. "ఎవరివయ్యా ఇవి?" అంది.

"అద్దానివే!"

"అద్దం నాగలి పట్టిందా, వల వేసిందా? దానికెక్కడివి?"

"నీకన్నీ అనుమానాలే. అన్నం ఉడికిందో లేదో అది చెప్పు."

సింగన్న ఇంటికి కొత్త పెంకులు పడ్డాయి. వల మూలన పడింది. ఇంతలో వర్తకుడు, కొత్త ఆటగాణ్ణి తెచ్చినవాడికి ఒక బంగారు కాసు బహుమానం అని చాటించాడు.

అప్పుడే తమ్ముడు ఏరు దాటి వచ్చి పెంకులు చూశాడు. "చేపలు అంతగా పడుతున్నాయా అన్నా?"

"చేపలెందుకురా పిచ్చోడా! నువ్వూ ఒక అద్దం తీసుకో. వైద్యుడి డబ్బు వారంలో చేతికొస్తుంది."

"ఓడిపోతేనో?"

"ఓడేవాళ్లు వేరే ఉంటార్రా. మనకి వేళ్లున్నాయి."

అప్పలకొండ అద్దం తీసుకున్నాడు. సింగన్నకు బంగారు కాసు ముట్టింది.

"ఇదెవరిది?" అని మళ్లీ అడిగింది గవరమ్మ. సింగన్న కాసు మొలలో దోపుకుని అద్దం అందుకున్నాడు.

వానలు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం కోటలో సింగన్నకు గుడ్లగూబ ముసుగువాడొకడు ఎదురయ్యాడు. ఆ కోటలో అందరి గొంతులూ ఒకేలా వినిపిస్తాయి.

"అయ్యా, నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. ఈ ఒక్క ఆటా నాకు వదిలెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు వాడు.

సింగన్న పకపకా నవ్వాడు. "ఏడుపు ఇంట్లో పెట్టి రావాల్సిందిరా గుడ్లగూబా! వేళ్లు లేనివాడివి కోటకెందుకొచ్చావు?"

నవ్వుతూనే గెలిచాడు.

ఈసారి కాసులు రాలలేదు. ఒళ్లో ఒక పసుపు మూట పడింది. సింగన్న విప్పబోయాడు. ముడి మీద అతని వేళ్లు ఆగిపోయాయి.

అది తండ్రి నేర్పిన ముడి.

అతను ఏటి వైపు పరుగెత్తాడు, పడవెక్కి ఏరు దాటాడు. అవతలి గట్టున, తమ్ముడి గుమ్మంలో బంగారి కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు మొహం ఎత్తింది.

"వచ్చావా నాన్నా?"

"నేనమ్మా," అన్నాడు సింగన్న.

"ఓ, పెదనాన్నా! నీ నడక అచ్చం నాన్న నడకలాగే ఉంది. నాన్న అద్దాన్ని నేలకేసి కొట్టాడు. నా తల నిమిరి, పెదనాన్న దగ్గరికెళ్తున్నానని పడవెక్కాడు. మీ ఇంటికి రాలేదా?"

రాలేదు. ఆ పూటా రాలేదు, ఆ వానాకాలమంతా రాలేదు.

మర్నాడే సింగన్న వర్తకుడి ముందు నిలబడి గుండెలు బాదుకున్నాడు. "నా తమ్ముణ్ణి నాకు తెచ్చివ్వు!"

"నేనెవర్ని ఓడించానయ్యా?" అన్నాడు వర్తకుడు శాంతంగా. "గెలిచింది నువ్వు." అని తెరచాప ఎత్తించాడు. పోగుపడిన కాసుల బరువుకు సగం మునిగిన ఓడ ఇంకో తీరానికి సాగిపోయింది.

ఆ ముడి విప్పగలిగినవాడు ఇక ఊళ్లో ఒక్కడే. తొలి వాన పడకముందే సింగన్న ముడుపు విప్పి, బంగారిని ఎత్తుకుని కొండెక్కాడు. వైద్యుడు పసరు పోశాడు. పిల్లకు చూపు వచ్చింది.

ఇప్పుడు బంగారి రోజూ పొద్దున్నే ఏటిగట్టున నిలబడుతుంది. వచ్చే ప్రతి పడవలోనూ ప్రతి మొహాన్నీ చూస్తుంది. ఆమె చూడాలనుకున్న మొహం మాత్రం ఏ పడవలోనూ ఉండదు. పక్కనే సింగన్న తల వంచుకుని వల అల్లుతుంటాడు. ఏ కాసు ఎవరిదని గవరమ్మ ఇప్పుడు అడగదు.

పిల్లలూ, ఆటలో గెలిచిన ప్రతి కాసూ ఎవరో ఒకరి ఇంట్లోంచి వచ్చిందే. ఆ ఇల్లు మన కంటికి కనపడనంత మాత్రాన అది పరాయిదని అనుకోకూడదు.