నాలుగో మాట

గుడ్ ఫ్రైడేనాడు చర్చిలో ఏడుగురు, యేసు చివరి ఏడు మాటల మీద వాక్యం చెప్పాలి. జీవరత్నానికి నాలుగోది పడింది. దేవుడు తన చెయ్యి వదిలేశాడని యేసుప్రభువు సిలువ మీద కేక పెట్టిన మాట అది. పాస్టరు కావాలని తిమోతి అయ్యగారి దగ్గర చేరిన ఈ కుర్రాడికి వారం రోజులుగా నిద్ర లేదు.

"అయ్యగారూ, ఆ ఘడియలో దేవుడెక్కడున్నాడు? అది తేలకుండా నేను వాక్యానికి నిలబడలేను."

"చూద్దాంలే. ముందు బర్నబాకి కట్టు మార్చి వద్దాం, పద."

బర్నబా రైసుమిల్లులో బాయిలరు పేలి కాళ్ళు కాలినవాడు. రోజూ కట్టు మార్చకపోతే చీము పట్టి ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. నిన్న మాత్రం అతను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. భార్య సలోమి గుమ్మంలోనే ఏడ్చేసింది.

"మీరైనా చెప్పండయ్యా. ఇలాగే చస్తానంటున్నాడు."

అయ్యగారు చేతులు కడుక్కుని, పుండుకి అంటుకున్న గుడ్డ తడిపి మెల్లిగా లాగారు. బర్నబా ఇల్లదిరేలా అరిచాడు.

"దేవుడా! ఎక్కడ చచ్చావురా!"

అమ్మో, అంత మాటే! అలాంటప్పుడు మనవాళ్ళు చేసే పనే జీవరత్నమూ చేశాడు. చేతులెత్తి, ఆ అరుపు వినబడకుండా ప్రార్థన అందుకున్నాడు. "స్తోత్రం ప్రభువా! హల్లెలూయ!" అతను అరిచినకొద్దీ ఇతను ఇంకా గట్టిగా.

బర్నబా అయ్యగారి చెయ్యి తోసేసి గోడవైపు తిరిగిపోయాడు.

అయ్యగారికి ఒళ్ళు మండింది. "నోరు ముయ్యవోయ్! ఆ కేకే అతని ప్రార్థన. మధ్యలో నీ గోలేంటి?"

జీవరత్నం ప్రార్థన ఆపి చేతులు దించేశాడు. కాసేపటికి బర్నబా ఇటు తిరిగాడు.

"నన్ను అరవనిస్తారా అయ్యగారూ?"

"అరుచుకో నాయనా. తిట్టాలనుంటే తిట్టుకో. కట్టు అయ్యేదాకా నేను మాత్రం కదలను."

జీవరత్నం మంచం పక్కన కూలబడి బర్నబా చెయ్యి పట్టుకున్నాడు. గుడ్డ కదిలినప్పుడల్లా బర్నబా అరిచాడు, దేవుణ్ణి తిట్టాడు, వేళ్ళు విరిగేలా ఆ చెయ్యి నలిపేశాడు. జీవరత్నానికి కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఒక్క మాటా అనలేదు, చెయ్యీ తియ్యలేదు.

కట్టు పూర్తయ్యేసరికి బర్నబాకి గొంతు పోయింది.

"రేపు పెందలాడే రండయ్యా," అన్నాడు బొంగురుగా. "ఇతన్నీ తీసుకురండి."