నాలుగు వేళ్ళ బల్ల

కూర్మనాథం గారిని టైమెంతయిందని అడిగితే గడియారం ఉన్న గోడ దాకా నడిపించుకు వెళ్తారని ఆ మెడికల్ కాలేజీలో చెప్పుకునేవారు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం ఆయన జాతకంలో లేదు. ముప్పై ఏళ్ళుగా వైద్యం బోధిస్తున్నా "ఇది ఇందువల్ల" అని ఆయన అనగా విన్నవాళ్ళు తక్కువ, "పద, చూద్దాం" అనగా విన్నవాళ్ళే ఎక్కువ. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కునేవారు. పాతవాళ్ళు అడగవలసింది అడిగేసి, వెంటనే లేచి నిలబడేవారు.

ఆఖరి సంవత్సరం చదువుతున్న కౌముది పాతవాళ్ళ లెక్కలోదే. అయినా ఒక సాయంత్రం ఆయన గదికి వెళ్ళి, ఈ ఒక్కసారికీ నోటితోనే చెప్పమని బతిమాలుకోవాలనుకుంది. డాక్టరుగా లైసెన్సు ఇచ్చే పెద్ద పరీక్షకి ఇంక నలభై రోజులే ఉంది. అది గట్టెక్కకపోతే ఇన్నేళ్ళ చదువు చదివీ ఒక్క మాత్ర రాసిచ్చే హక్కుండదు. బొబ్బిలిలో ఆమె మేనమామ అప్పుడే "డా. కౌముది" అని బోర్డు రాయించేసి, దానికి గోనెపట్టా చుట్టి మంచం కింద దాచాడు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత అతనికి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆ బోర్డు గుర్తొచ్చినప్పుడల్లా పిల్లకి అన్నం సయించడం లేదు.

"సార్, పాత ప్రశ్నలు పదకొండు వేలు చేశాను. రెండు లైన్లు చదివేసరికే జవాబు తెలిసిపోతుంది. పదింటికి తొమ్మిది కరెక్టు. అదే కొత్త ప్రశ్నల పేపరిస్తే పదింటికి నాలుగు దాటడం లేదు. పాసవ్వాలంటే ఐదు రావాలి. నాలో ఏం తక్కువైందో చెప్పండి సార్. ఇంకో పుస్తకం చదవమన్నా చదువుతాను."

కూర్మనాథం గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నీ చెయ్యి చల్లగా ఉంటుందా, వెచ్చగా ఉంటుందా?"

"ఏమో సార్, ఎప్పుడూ చూసుకోలేదు."

"రేపు తొమ్మిదింటికి వెచ్చజేసుకుని వార్డుకి రా."

మర్నాడు ఆమె వెళ్ళేసరికి పద్నాలుగో నంబరు మంచం మీద సుక్కయ్య ఉన్నాడు. సుక్కయ్యని ఎరగనివాళ్ళు ఆ కాలేజీలో లేరు. సీతంపేట కొండల్లో మలేరియా మీద మలేరియా వచ్చి ప్లీహం పెరిగిపోయిన మనిషి. అలా పెరిగి ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగిలేదాన్నే మనవాళ్ళు బల్ల అంటారు. పక్కటెముకల కింద ఎన్ని వేళ్ళ మేర తగిలితే అన్ని వేళ్ళ బల్ల అని లెక్క. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే ఇలాంటి రోగుల్ని కబురుపెట్టి రప్పించి, పిల్లల చేత చూపించడం అక్కడి ఆనవాయితీ. పన్నెండేళ్ళుగా సుక్కయ్య ఏటా వస్తున్నాడు. వచ్చినవాడు ఊరికే పడుకుంటాడా? తెర వేయగానే, చెమటలు కక్కుతున్న కుర్రాడి చెవిలో, "నాలుగు వేళ్ళు బాబూ. గట్టిగుంటాది, నొప్పి నేదు. దాని అంచున గాటు కూడా తగుల్తాది, మర్సిపోకు" అని జవాబంతా అప్పజెప్పేవాడు. అతని పొట్ట చలవ వల్ల పాసైన డాక్టర్లు ఆ చుట్టుపక్కల మండలానికొకరు ఉన్నా ఉంటారు. వాళ్ళందరికీ బల్ల తాత అంటే ప్రాణం. సీనియర్లు దింపుకున్న నోట్సులో అతనికొక పేజీ కూడా ఉంది. కౌముదికి ఆ పేజీ కంఠతా వచ్చు.

కూర్మనాథం గారు ఐదుగురు విద్యార్థుల్ని నిలబెట్టి తలా ఒక చీటీ ఇచ్చారు. ఒక్కొక్కరే తెర లోపలికి వెళ్ళి చూడాలి, చూసింది చీటీ మీద రాయాలి, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. కౌముది వంతు అందరికంటే చివర వచ్చింది.

ఆమె అరచేతులు రుద్దుకుని, పద్ధతి ప్రకారం పొట్టకి కుడివైపు కిందనుంచి మొదలుపెట్టింది. ఊపిరి గట్టిగా పీల్చమంటూ, ఎడమ డొక్క వైపు చెయ్యి జరుపుకుంటూ వెళ్ళింది. బొడ్డు దాటింది. ఏమీ తగల్లేదు. పక్కటెముకల అంచు దాకా వెళ్ళింది. మెత్తటి పొట్ట తప్ప మరేమీ లేదు. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఈసారీ ఏమీ తగల్లేదు. పన్నెండేళ్ళుగా దారినపోయే ప్రతి కుర్రాడికీ దొరికిన బల్ల తన చేతికి దొరక్కపోతే, ఆ చెయ్యి ఇంక దేనికి పనికొస్తుంది? బొబ్బిలిలోని బోర్డు మీద అక్షరాలు కళ్ళముందు కదిలాయి.

"తాతా," అంది గొంతు బాగా తగ్గించి. "నాలుగేగా?"

అడక్కుండానే అన్నీ చెప్పే సుక్కయ్య ఆవేళ నీళ్ళు నమిలాడు. ఆమె మొహంలోకి జాలిగా చూసి, "నన్ను మాటాడొద్దన్నారమ్మా పెద్దబాబు" అని మొహం పైకప్పు వైపు తిప్పుకున్నాడు.

కాదని అనలేదు కదా అనుకుంది కౌముది. బయటికి వచ్చి రాసింది: ప్లీహం నాలుగు వేళ్ళు, గట్టిగా ఉంది, నొప్పి లేదు, గాటు తగిలింది. గాటు అనే మాట దగ్గర కలం కాస్త ఆగింది. తరవాత అదీ రాసేసింది.

కూర్మనాథం గారు చీటీలు ఒక్కొక్కటే విప్పి పైకి చదివారు. నాలుగు వేళ్ళు. నాలుగు వేళ్ళు. నాలుగు వేళ్ళు. ఒక ఉత్సాహవంతుడు నాలుగున్నర రాశాడు. కౌముదిది మళ్ళీ నాలుగు. ముగ్గురికి గాటు కూడా దొరికింది. ఆయన మొహంలో కోపం లేదు, వెటకారం లేదు.

"సుక్కయ్యా, ఇంక నువ్వు చెప్పు."

సుక్కయ్య లేచి కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అతని వాలకం చూస్తే తప్పంతా తనదే అన్నట్టుంది.

"బల్ల పోనాది బాబూ. నిరుడు పరీచ్చలయ్యి ఇంటికెల్లినాక మా మనవరాలు పట్టుబట్టినాది. అది నర్సమ్మయినాది గదా. వారం వారం మాత్ర నా నోట్లో ఏసి, మింగినదాకా ఎదురుగా కూకునేది. నాను మద్దిలో మానేసీ రకాన్ని, దానికి తెల్సు. పది నెల్లు అలాగే సేసినాది. మొన్న ఈ బాబే స్కానింగు తీయించి, ఇంక నేదన్నారు." కౌముది వైపు తిరిగాడు. "పన్నెండేళ్ళు మోసినాను తల్లీ. బరువు దిగినాదని పిల్లలకి సెప్పుకోవాలని ఎంత ఆశగా వొచ్చినానో! మాటాడొద్దంటే సరే అనుకున్నాను, సెయ్యేస్తే ఆళ్ళకే తెలుస్తాది గదా. ఐదుగురూ సెయ్యేసినారు. నీ బల్లేదీ తాతా అని ఒక్కరూ అడగనేదు."

నాలుగున్నర రాసినవాడు కిటికీలోంచి ఏదో వెతుకుతున్నట్టు చూడసాగాడు. కౌముది ముందుకొచ్చింది. మిగిలినవాళ్ళ సంగతేమో గాని, తన సంగతి తనకి తెలుసు.

"సార్, నాకేమీ తగల్లేదు. రెండుసార్లు చూశాను. తగలకపోయినా రాశాను. నా చేతిదే తప్పనుకున్నాను."

"చేతిది తప్పని ఎవరు చెప్పారు?"

"నోట్సు, సార్."

కౌముది మంచం దగ్గరికి వెళ్ళి, "తాతా, ఇంకోసారి చూడనిస్తావా?" అని అడిగింది. సుక్కయ్య పెట్టుకున్న గుండీలు మళ్ళీ విప్పుకుని పడుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని, తొందరపడకుండా, కుడినుంచి ఎడమకి, కిందనుంచి పైకి పొట్టంతా చూసింది.

"లేదు తాతా. నిజంగానే పోయింది. పొట్ట ఎంత మెత్తగా ఉందో!"

"అదీ!" అన్నాడు సుక్కయ్య. ఇంతసేపూ దాచుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చింది. ఇంక అతన్ని ఆపడం ఎవరితరమూ కాలేదు. మనవరాలు ఏ ఊళ్ళో పనిచేస్తోందో, మాత్ర ఎంత చేదో, ఒకసారి దాన్ని నాలుక కింద దాచి ఎలా దొరికిపోయాడో, ఇప్పుడు కొండెక్కితే ఆయాసం ఏ మలుపు దగ్గర వస్తోందో, అన్నీ ఏకరువు పెట్టాడు. రెండు లైన్లలోనే జవాబు తెలిసిపోయే కౌముదికి, ఏ మాట తరవాత ఏ మాట వస్తుందో తెలియని కథ అది. చెయ్యి అతని పొట్ట మీదే ఉంచి కడదాకా వింది. మిగతా నలుగురూ కూడా ఒక్కొక్కరే మంచం చుట్టూ చేరారు.

వార్డు బయటికి వచ్చాక, ఎంతైనా విద్యార్థి కాబట్టి, కౌముది ఉండబట్టలేక అడిగింది. "సార్, నిన్న నేనడిగినదానికి మీరు ఇంకా ఏమీ చెప్పలేదు."

కూర్మనాథం గారు జేబులోంచి ఆమె చీటీ తీసి, ఇంకోసారి మొత్తం చదివి, జాగ్రత్తగా మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"ఇందులో తప్పేం లేదమ్మా. కాకపోతే, ఇది నిరుటి పొట్ట."