కొంగజుట్టు వడ్లు

చిన్న కథే తల్లీ, నీ కన్ను మూతపడేలోపు అయిపోతుంది. కాళ్ళు ముడుచుకుని పడుకో.

అనగనగా ఒక ఊళ్ళో, అందరి పొలాలకన్నా పల్లంలో ఒక మడి ఉండేది. ఆ మడి కొమురవ్వది. ఆమె సంగతి చెప్పేముందు ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి.

ఆ ఊరివాళ్ళకు పచ్చదనమంటే మహా పట్టింపు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ముందు రోడ్డు మీద నిలబడి పొలం చూసేవాళ్ళు, పిల్లను తర్వాత చూసేవాళ్ళు. ఎవరి చేనైనా కాస్త లేత రంగులో కనబడిందా, "ఏందిరో, నీ చేనుకు కామెర్లయినయా?" అని హోటల్లో చాయ్ చల్లారేదాకా నవ్వేవాళ్ళు. ఆ నవ్వు భరించలేక అతను మర్నాడే ఇంకో బస్తా యూరియా చల్లేవాడు. ఒక బస్తా చాలే చోట మూడు. రాజలింగు అని ఒకాయన ఉండేవాడు, ఆయనైతే నాలుగు. మీసాలకు కూడా చల్లుకుంటాడేమో అనేవాళ్ళు, అంత గుబురు. ఆయన భార్య ఏడాదిలో ఆరు నెలలు పుట్టింట్లోనే ఉండేది. దానికి వేరే కారణం ఉందిలే, అది నీకెందుకు. ఎక్కడున్నాం? ఆఁ, కొమురవ్వ.

కొమురవ్వ యూరియా చల్లేది కాదు. ఆమె పెళ్ళయి వచ్చిననాడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపిన వడ్లనే ఏటా వేసేది. గింజ చివర కొంగజుట్టులా తెల్లటి మీసం ఉండేది. పైరు మనిషి ఛాతీదాకా పెరిగేది. కాడ సన్నం. బలం ఎక్కువైతే తన బరువు తనే మోయలేదు.

ఊళ్ళో ఎవరు ప్రసవించినా బాలింతకు ఆ బియ్యపు గంజే పోసేవాళ్ళు. కొమురవ్వ చేనుకు కామెర్లని పొద్దంతా నవ్విన రాజలింగే, కూతురు ప్రసవించగానే గిన్నె పట్టుకుని "వదినా" అంటూ వచ్చాడు. ఆమె పోసింది.

ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఏ ఏటి గింజ ఆ ఏడు తీసి, మళ్ళీ వేసుకోవాలి. పాతబడితే మొలకెత్తదు. అందుకని కొమురవ్వకు ఒకటే భయం, అమ్మ ఇచ్చింది తన చేతుల్లో పోతుందేమోనని.

ఒక ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. ఆలస్యంగా నాట్లు పడ్డాయి, అందరూ యూరియా చల్లారు. అప్పుడు నెల వానంతా ఒక్క పూటలో కురిసింది. పై మడుల నీళ్ళూ, ఆ నీళ్ళలో కరిగిన యూరియా, అన్నీ గట్లు దూకి పల్లానికి వచ్చాయి. పల్లంలో ఉన్నది ఎవరి మడి?

ఆ తర్వాత కొమురవ్వ చేను నల్లటి పచ్చగా నిగనిగలాడుతూ లేచింది. ఎరువుల దుకాణం వాళ్ళు ఆ ఏడు అన్నిటికన్నా పచ్చటి చేనుకు స్టీలు బిందె బహుమానం అన్నారు. బిందె కొమురవ్వకు వచ్చింది.

"ఎన్ని బస్తాలేసినవ్ వదినా? నిజం జెప్పు," అన్నాడు రాజలింగు.

"ఒక్క పలుకు ఎయ్యలే. నువ్వేసిందే నా మడికొచ్చింది."

"ఇన్నరా? నేనేసిన్నట! ఏం మందేసిందో పేరు దాస్తున్నది," అన్నాడు. అందరూ నవ్వారు.

కంకులు వచ్చేసరికి ఆ చేను మొత్తం నేలమీద పడుకుంది. పడుకున్న పైరు మీద కాలం కాని కాలంలో వాన పడింది. గింజలు కంకి మీదే మొలకలెత్తాయి. బస్తాలకు బస్తాలు రావాల్సిన చోట గంపెడు వడ్లు దక్కాయి.

రెండో ఏడు కొమురవ్వ మడి చుట్టూ కాలువ తవ్వి, గట్టు మోకాలెత్తు లేపింది. తవ్వుతుంటే ఒక్క వానపాము కనబడలేదు. గట్టు మీద ఒకప్పుడు తుమ్మి, పొన్నగంటి, గంగవాయిలి ఉండేవి. అత్తాకోడళ్ళలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నా, కలిసే ఉండేవి. ఇప్పుడు నడుమెత్తు గడ్డి, మధ్యమధ్య వయ్యారిభామ. ఇంకేమీ లేదు. ఆమె చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది.

"ఏం వదినా, మన్ను తింటున్నవ్? ఈ వయసుల నీళ్ళోసుకున్నవా?" అన్నాడు గట్టున పోతున్న రాజలింగు.

"నువ్వు గూడ తిను, తెలుస్తది," అని ఇంత మట్టి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నాలుకకు రాసుకుని మొహం చిట్లించాడు. "పుల్లగున్నది."

"నేనొచ్చిన కొత్తల కమ్మగుండె."

రాజలింగు చాలాసేపు ఆలోచించాడు. ఆయన అంతసేపు ఆలోచించడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. "అంటే భూమిల బలం తగ్గింది," అని తేల్చి, ఆ సాయంత్రం ఇంకో బస్తా చల్లాడు.

అప్పుడు మళ్ళీ వాన ఒక్కసారే వచ్చింది. కాలువ నిండింది, గట్టు తెగింది, చేను పచ్చబడింది, పడుకుంది. ఈసారి దక్కినవి చారెడు.

మూడో ఏడు కొమురవ్వ మడి జోలికే పోలేదు. పెరట్లో, దొడ్డిగోడ పక్కన, చాపంత చోటు బాగు చేసి ఆ చారెడూ వేసింది. వాన లేదు. బోరు నీళ్ళు బిందెతో మోసి పోసింది. పైరు లేచింది. మళ్ళీ అదే నల్లటి పచ్చ.

మండలం నుంచి మట్టీ నీళ్ళూ పరీక్ష చేసే స్రవంతి అనే పిల్ల వచ్చింది. ఒక సీసాలో బోరు నీళ్ళు పట్టుకుపోయి, వారం తర్వాత తిరిగి వచ్చింది.

"అవ్వా, ఇన్నేండ్లు చల్లింది చల్లినట్టు కిందికి దిగింది. బోరు నీళ్ళల్ల గూడ అదే ఉన్నది," అంది.

"మరి ఏ నీళ్ళు పొయ్యాలె బిడ్డా?"

ఆ పిల్ల పాపం బాగా చదువుకుంది. ఆకాశం వంక చూసింది, సీసా మూత బిగించింది, వెళ్ళిపోయింది.

పైరు పూతకు వచ్చే వారంలో ఎండ నిప్పులు చెరిగింది. ఆ నెలలో ఎప్పుడూ అంత ఎండ ఉండేది కాదు. కొమురవ్వ కొంగు తడిపి పైరు మీద నీడ పట్టింది. పాత చీరలన్నీ కట్టి పందిరి వేసింది. కంకులు నిటారుగా నిలబడే ఉన్నాయి. గింజ నిండిన కంకి వంగాలి తల్లీ, అవి వంగలేదు.

ఆమె అరుగు మీద కూర్చుని కంకి కంకీ నలిపి చూసింది. తాలు. ఒక్కో గింజా గోటితో నొక్కి చూసింది. తాలు. చేటలో పోసి చెరిగింది. ఒక్క గింజ మిగలకుండా అంతా గాలికి పోయింది.

ఊరు ఊరంతా ఇంక కొమురవ్వ ఏడుస్తుందనుకున్నారు. కొందరు మన్నెత్తి పోస్తుందనుకున్నారు. రాజలింగు రెండు రోజులు ఆ వీధిలోకి రాలేదు, తిడుతుందని. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మడి బీడు పెడుతుందిలే అన్నారు. అదీ చేయలేదు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఊళ్ళోకి యూరియా లారీ వచ్చింది. దుకాణం ముందు పొద్దున్నే జనం తమ వంతు కోసం చెప్పులు వరుసగా విడిచి, చెట్టు నీడన కూర్చున్నారు. ఆ వరుసలో మొదటి జత కొమురవ్వది. ఎంత యూరియా వేసినా పడుకోని పొట్టి వరి విత్తనం, దుకాణం వాళ్ళు అమ్మేది, అడిగింది. మూడు బస్తాల యూరియా అడిగింది. ఇచ్చారు.

కథ పోయింది కంచికి,
గింజ పోయింది మట్టికి,
నిద్ర రానీ కంటికి.