వడగళ్ళు చూసి చలివేంద్రాలు మూయించిన రాజు

పెన్నకు దక్షిణాన, మబ్బు కనబడితే జనం పని మానేసి చూసే ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలేది మార్తాండ భూపతి. పేరులో సూర్యుడున్నా ఆయనకు ఎండంటే గిట్టదు. పక్క రాజులకు ఉన్నదే తనకూ ఉంటే అసలు గిట్టదు.

ఒక వైశాఖంలో ఆయన కొలువుకు విశ్వంభరశాస్త్రి అనే పండితుడు వచ్చాడు. ఓడలెక్కి దేశాలు తిరిగినవాడు. చాపంత గుడ్డ మీద ప్రపంచాన్నంతా గీసి, అయిదు రంగులు పూసి తెచ్చాడు. సభంతా మెడలు చాచి చూసింది.

"ఏడాది పొడవునా ఉక్క, వాన ఉండే దేశాలకు ఆకుపచ్చ. వాన చాలక ఎండిపోయే దేశాలకు కావిరంగు. ఎండా చలీ మితంగా ఉంటే పసుపు. చలికాలంలో నేల గడ్డకట్టి, వేసవికి కరిగే చోట్లకు నీలం. వేసవి అన్నదే ఎరగని మంచుదేశాలకు తెలుపు. శీతోష్ణస్థితిని బట్టి ఏ దేశమైనా ఈ అయిదింటిలో ఒకదానిలోకి రావలసిందే," అన్నాడు శాస్త్రి.

నిజం చెప్పాలంటే అది గొప్ప పనే. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది.

"మరి మాది ఏ రంగు?" అని అడిగాడు రాజు.

"ఇంకా పూయలేదు ప్రభూ. చుట్టుపక్కల రాజ్యాలన్నీ కావిరంగే కాబట్టి..."

"వాళ్ళూ మేమూ ఒకటేనా?" రాజు ముఖం మాడిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి లేచింది. కోట పెంకుల మీద దడదడమని వడగళ్ళు రాలాయి. ఒక్కొక్కటి నిమ్మకాయంత! చూస్తుండగానే ముంగిలంతా తెల్లగా పరుచుకుంది. ముసలి మంత్రిగారు కూడా పంచె ఎగ్గట్టి ఏరుకోవడానికి పరిగెత్తారు. రాజు ఒక వడగల్లును అరచేతిలో పెట్టుకుని శాస్త్రి వంక చూశాడు. శాస్త్రి రాజుగారి ముఖం చూసి, కుంచెను తెల్లరంగులో ముంచాడు.

"ఇక మనది మంచుదేశం," అని ప్రకటించాడు రాజు. "కొలువుకు అందరూ కంబళ్ళు కప్పుకుని రావాలి. మంచుదేశంలో చలివేంద్రాలుంటే అప్రతిష్ఠ. అన్నీ మూసేసి, వాటి చోట చలి కాచుకునే నెగళ్ళు వెయ్యండి."

కంబళ్ళ సంగతికి నవ్వుకోవచ్చు. వేసవిలో దారిన పోయేవాళ్ళ గొంతు తడిపే చలివేంద్రాలు మూస్తే ఎవరు నవ్వగలరు? వారం తిరక్కుండా రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. కోటకు వచ్చే బాటలో ఆమడ దూరం బావి లేదు. ఉన్నదల్లా ఓబులమ్మ అనే ముసలామె చలివేంద్రం. భటులు ఆమె కుండలు బోర్లించి, పక్కనే నెగడు రాజేసి పోయారు.

రాజుగారి కొలువులో హాస్యం చెప్పే తిప్పన ఆ బాటనే వచ్చాడు. ఒక కట్టెల మోపు మనిషి సొమ్మసిల్లి పడివున్నాడు. ఓబులమ్మ తడి కొంగుతో అతని ముఖం తుడుస్తోంది.

"దాచిపెట్టిన చెంబెడు నీళ్ళు ఈయప్పకే అయిపాయ సామీ. రేపు పడిపోయేటోనికి ఏం పొయ్యాల? నెగడు చూపించాల్నా?" అంది.

తిప్పనకు కడుపు మండిపోయింది. కానీ తప్పని చెబితే రాజు వినడు, పొగిడితే వింటాడు. ఆ సంగతి తిప్పనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తిన్నగా కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, ఒక్కపూట చూసి దేశం స్వభావం తేల్చేశారు. ఇంత సులువైన సూత్రం నేల ఒక్కదానికేనా? మనుషులకు కూడా వర్తింపజేస్తే లోకం తమ పేరు చెప్పుకుంటుంది."

రాజు ఉబ్బిపోయాడు. అక్కడికక్కడే శాసనం రాయించి ముద్ర వేశాడు. 'ఒకనాడు కనిపించినదే స్వభావం. ఇది అందరికీ వర్తించును. మీరినవారికి కొరడా దెబ్బలు.' దాన్ని అమలుచేసే పని తిప్పనకే అప్పగించాడు.

మర్నాడు నిర్జల ఏకాదశి. ఎన్ని డాంబికాలున్నా ఉపవాసం దగ్గర రాజు నిష్ఠ గలవాడు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తిప్పన పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన పక్కనే కూర్చుని, కన్ను తిప్పకుండా చూశాడు.

ద్వాదశి తెల్లవారింది. రాజు పూజ ముగించి, నాలుక పిడచగట్టుకుపోతుండగా పారణకు పీట మీద కూర్చున్నాడు. ముందు ఖాళీ అరిటాకు. పక్కన చెంబు బోర్లించి ఉంది. పారణ వేళ చెప్పడానికి వచ్చిన శాస్త్రి, రంగుల గుడ్డ చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వంటవాళ్ళేరి?"

"ఇళ్ళకు పంపేశాను ప్రభూ," అన్నాడు తిప్పన చేతులు కట్టుకుని. "నిన్నంతా చూశాను. తమరు తిననూ లేదు, తాగనూ లేదు. శాసనం ప్రకారం అదే తమ స్వభావం. అన్నపానాలు అక్కర్లేని ప్రభువుకు వంటశాల ఉంటే అప్రతిష్ఠ కదా. పొయ్యిలు ఆర్పించాను. నీళ్ళ కాగులన్నీ బండెక్కించి ఓబులమ్మ దగ్గరికి తోలించాను. వంటవాళ్ళు ముందు ఒప్పుకోలేదు, కొరడా మాట చదివి వినిపించాక ఒప్పుకున్నారు."

"నీకు మతి పోయిందా? అది ఒక్కరోజు ఉపవాసం. ఏడాదంతా రెండు పూటలా తినేవాణ్ణని నీకు తెలియదూ?"

"తెలుసు ప్రభూ. ఏడాదంతా ఈ నేల మాడుతుందని తమకు తెలియదూ? ఆనాటి వడగళ్ళు ఒక్కపూట వాతావరణం. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా అది మారుతూనే ఉంటుంది. శీతోష్ణస్థితి అలా తేలదు. రైతు మొదట నాగలి పట్టిన ఏడు మొదలు కొడుక్కి అప్పగించే ఏడు దాకా, ముప్పై ఏళ్ళ ఎండా వానా కలిపి చూడాలి. శాస్త్రిగారి అయిదు రంగులూ బంగారమే. మన నేలకు మాత్రం గడియసేపు చూసి పూశారు, అదే తప్పు."

రాజు పీట మీంచి విసురుగా లేచాడు. కిటికీలోంచి బాట కనిపిస్తోంది. నెత్తిన మోపులతో జనం నడిచి వస్తున్నారు. వాళ్ళను ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు గానీ, దాహంతో చూడటం ఇదే మొదలు. ఆయనకు సిగ్గేసింది.

"చలివేంద్రాలన్నీ తెరిపించు. ఇప్పుడే. ఇదివరకటికి రెట్టింపు పెట్టించు," అన్నాడు బొంగురు గొంతుతో. "శాస్త్రీ, కావిరంగు తియ్యవయ్యా."

"తీశాను ప్రభూ. కుంచె తడపడానికే నీళ్ళు లేవు," అన్నాడు కంబళిలో చెమటలు కక్కుతున్న శాస్త్రి.

తిప్పన తలుపు చాటు నుంచి చెంబెడు నీళ్ళు తెచ్చి, తులసి దళం వేసి అందించాడు. రాజు గటగటా తాగేశాడు. గొంతు తడవగానే కోపం కూడా తిరిగొచ్చింది.

"రాజును ఇంతసేపు మాడ్చావు. ఏం శిక్ష వెయ్యమంటావు?"

"ఒక్కరోజు పొగరు చూసి నన్ను పొగరుబోతు అనకండి ప్రభూ. అది ఉత్త వాతావరణం."

రాజుకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ పొలమారింది. మెడలోని పచ్చల హారం తీసి తిప్పన మెడలో వేస్తూ అన్నాడు:

"ఒక్కరోజా? ముప్పై ఏళ్ళుగా నిన్ను భరిస్తున్నానయ్యా. నీది వాతావరణం కాదు, శీతోష్ణస్థితే."