ఊదితే సిరా తాగే కలం

కథ చెప్పడంలో నన్ను మించినవాళ్ళు ఈ భూప్రపంచంలో లేరర్రా. మొన్న కథ సగంలో ఉండగా మీకంటే ముందు గురక పెట్టింది నేనేననుకోండి, అది వేరే సంగతి. ఊ కొట్టడం మానేస్తే మళ్ళీ అదే జరుగుతుంది, ఆపైన మీ ఇష్టం.

అనగనగా ఒక ఊళ్ళో రాజుగారికి లేఖలు రాసిపెట్టే కామావధానులని ఒకాయన. కాకి వాలిందని గోడ కడిగించేంత ఆచారం. భార్య పోయింది, కొడుకు రాజుగారి వెంట దేశాలు తిరుగుతున్నాడు. ఇంట్లో మామగారూ, కోడలు పేరిందేవీ, అంతే. ఆ పిల్ల తిరునాళ్ళకి వెళ్ళి, గాజులకని ఇచ్చిన డబ్బుతో మామగారికో కలం కొనుక్కొచ్చింది. చవకదే. వంకాయ రంగు, బెండకాయంత తేలిక. కాగితం మీద పెడితే వెన్నలో వేలు జారినట్టు జారేది.

మరి సిరా ఎలా పోస్తారని అడగవేం, సోమూ? అక్కడే ఉంది తమాషా. మూత తిప్పేది లేదు, చుక్కలు పోసేది లేదు. తోక దగ్గర చిన్న బొక్క, లోపల కొలిమి తిత్తిలాంటి బుల్లి తిత్తి. పాళీ సిరాలో ముంచి, తోకలోంచి ఉఫ్ మని ఊదాలి. ఊదితే తిత్తి అణిగిపోతుంది, నోరు తియ్యగానే మళ్ళీ ఉబ్బి, గటగటా సిరా తాగేస్తుంది.

పేరిందేవి ఊది చూపించింది. ఆయన రెండడుగులు వెనక్కేశాడు. నోరు పెట్టిన కలమా, ఎంగిలి కలమా, ఎంగిలి కలంతో రాజుగారి పేరు రాయమంటావా అని వీధంతా వినేట్టు కేకలేశాడు. ఆ పిల్ల కలం గూట్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చేతికి కొత్త గాజులైనా లేవాయె, వెళ్ళిన చప్పుడు కూడా కాలేదు.

ఊ కొడుతున్నారా?

మర్నాడు కోడలు నీళ్ళకి వెళ్ళగానే అవధానులు అటు చూశాడు, ఇటు చూశాడు, గూట్లో చెయ్యి పెట్టాడు. మనసు లాగింది మరి. కానీ ఊదితే తాగడమేమిటి, తాగాలంటే పీల్చాలి గదా అనుకుని, పాళీ బుడ్డిలో ముంచి బలంకొద్దీ పీల్చాడు. లోపలి తిత్తి ఊడింది. సిరా నోట్లోకొచ్చింది. నాలుక నీలం, పళ్ళు నీలం, పెదాలు నీలం. చింతపండు పెట్టి తోమాడు, పోలేదు. ఉప్పు పెట్టి తోమాడు, పోలేదు. కచ్చిక పెట్టి తోమాడు, పోలేదు. ఎంగిలని అరిచిన నోరు ఇప్పుడెలా తెరుస్తాడు? మౌనవ్రతం పట్టానని సైగ చేశాడు.

పేరిందేవి తనమీద కోపమనుకుంది. వడ్డిస్తే మాట లేదు, పలకరిస్తే మాట లేదు. కొన్నాళ్ళకి వాళ్ళన్న చూడ్డానికొస్తే మూట సర్దుకుంది. గడప దగ్గర ఆగి, వెళ్ళనా ఉండనా మామగారూ అంది. ఉండమ్మా అంటే చాలు, మూట దించేసేది. అనలేదు. అరుగు దిగి ఆగింది. అనలేదు. బండి దగ్గర ఆగింది. ఆయన పైపంచె నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. బండి కదిలిపోయింది.

ఇల్లు బావురుమంది. అన్నం మాడ్చుకుని తిన్నాడు, మాడిందని చెప్పడానికైనా మనిషి లేదు. ఆఖరికి కలం పంచె చెంగున కట్టుకుని కోడలి పుట్టింటికి నడిచాడు. ఆ పిల్ల చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ తలెత్తలేదు. వ్రతం పూర్తయిందా మామగారూ అంది. వ్రతమూ లేదు, పాడూ లేదు తల్లీ, నీ కలం పీల్చాను, నోరు నీలమైంది అన్నాడు. పేరిందేవి పక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. ఊడిన తిత్తిని దారంతో కట్టి, పాళీ వాళ్ళన్న సిరాబుడ్డిలో ముంచి, ఊదండి అంది. ఊదాడు. కలం తాగింది.

ఇద్దరూ బండెక్కి ఇంటికొచ్చారు. దారిలో గాజులు కొన్నాడు. ఆపైన రాజుగారి పేరు ఆ ఎంగిలి కలంతోనే. నోరున్నది ఎంగిలి చెయ్యడానికే కాదర్రా, ఉండమని అనడానికి కూడా. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.

ఏమిటి గౌరీ, ఆ నీలం ఎన్నాళ్ళుందా? బండిలో పేరిందేవీ అదే అడిగింది. ఆయన ఎడ్ల తోకలకేసి చూశాడు. నువ్వు మీ అన్నతో బండెక్కిన పొద్దుటికే పోయిందమ్మా, అద్దంలో చూసుకునే పంచె అడ్డం పెట్టుకుని వీధిలోకొచ్చాను అన్నాడు.