గవరమ్మ చెవీ, ఎర్రమ్మత్త గేదే

అనగనగా ఒక ఊళ్ళో, కుమ్మరి వీధి చివరింట్లో, గవరమ్మని ఒకామె ఉండేది. కుండలు చేసేది ఆమె మొగుడు సన్నాసి. అవి మంచివో కావో చెప్పేది మాత్రం గవరమ్మ చెవి. వేలి కణుపుతో కొట్టి వినేది. ఖణ్ మంటే మంచి కుండ. బొద్దుమంటే లోపలెక్కడో బీట.

ఒకసారి ఊళ్ళో పెళ్ళికి ఐరేని కుండలు అడిగారు. అంటే పందిట్లో నీళ్ళు నింపి పూజ చేసే రంగుల కుండలన్నమాట. ముహూర్తం దాకా వాటిలో నీటిచుక్క పడకూడదని ఆ ఊరి పద్ధతి. అందుకని ముందే నీళ్ళు పోసి చూడ్డానికి లేదు, గవరమ్మ చెవే దిక్కు. పందిట్లో కుండ కారిందా, ఇంక ఆ కుమ్మరి గుమ్మం ఎవరూ తొక్కరు. కిందటేడు పైవీధి కుమ్మరి వాళ్ళకి అంతే అయింది.

సరిగ్గా అప్పుడే గవరమ్మకి పడిశం పట్టింది. ముక్కులోంచి పోయింది గానీ, పోతూ పోతూ చెవుల్లో కాపురం పెట్టింది. రెండు చెవులూ దిబ్బళ్ళు పడ్డాయి. లోపల నీళ్ళు నిలిచినట్టు ఒకటే బరువు. తన మాట తనకే బానలో తలదూర్చి మాట్లాడినట్టుంది. ఏ కుండ కొట్టినా బొద్దే!

"సాయంత్రానికి పెళ్ళివారి బండి వస్తుంది. ఏం చేసేదిరా దేవుడా!" అంది.

"అన్నీ మంచివే, ఇచ్చెయ్" అన్నాడు సన్నాసి.

"నీ చేత్తో చేసినవి నీకెప్పుడు చెడ్డవయ్యాయిలే!"

అప్పుడు తోడికోడలు పారమ్మ గరిటెలో వెల్లుల్లి నూనె కాచుకుని పరిగెత్తుకొచ్చింది. "తల వంచక్కా, పోస్తాను" అంది.

"నీరు నిండి నేనేడుస్తుంటే ఇంకో గరిటె పోస్తావా? చెమ్మ కుండ లోపలుంటే పైన నూనె రాసి ఏం లాభమే?" అని కసిరింది గవరమ్మ.

ఆ తర్వాత పక్కింటి రాములు మామ పుల్లకి దూది చుట్టుకొచ్చాడు. కెలికితే వదులుతుందన్నాడు.

"కుండకి చిల్లుపెట్టి చెమ్మ తీస్తారా మామా? వెళ్ళిరా!"

ఆ తర్వాత సన్నాసి వచ్చాడు. ముక్కూ నోరూ మూసుకుని లోపలికి ఊదమన్నాడు. గవరమ్మ మెల్లగా ఊదింది. చెవిలో చిటుక్కుమంది, కొంచెం నయమనిపించింది. "గట్టిగా ఊదవే, గట్టిగా!" అని ఆయన పక్కన గెంతులు. కాస్త గట్టిగా ఊదేసరికి సూది గుచ్చినట్టు చురుక్కుమంది.

"కుండలు కాల్చే ఆవానికి మంట ఒక్కసారే ఎగదోస్తే కుండ పగలదూ? ఆ మాత్రం తెలీదా నీకు!"

అందర్నీ తరిమేసి, దుప్పటి కప్పుకుని వేణ్ణీళ్ళ ఆవిరి పట్టింది. వేడి గుడ్డతో చెవి కింద కాపడం పెట్టుకుంది. వేయించిన సెనగలు నమిలి మింగింది. బరువు కొంచెం దిగింది. చెవులు మాత్రం తెరుచుకోలేదు.

అప్పుడు, ఇదొక్కటే తక్కువైనట్టు, సన్నాసి మేనత్త ఎర్రమ్మ పొరుగూరి నుంచి దిగింది. వచ్చి, కుండల మధ్యే పీట వేసుకుని కూర్చుంది.

"మా గేదె ఈనింది విన్నావా! ముందు పొద్దున్నే లేచి తోక ఇటు ఊపింది. ఆ తర్వాత అటు ఊపింది. కాదు కాదు, ముందు అటే... ఉండు, మొదట్నించీ చెప్తాను."

పెద్దామె, లేవమనడానికి లేదు. గుమ్మంలోకి చూస్తే ఎండ వాలుతోంది. గవరమ్మకి ఒళ్ళు మండిపోతోంది. కథలో గేదె కుడితి తాగే దగ్గర ఆవులింత వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడ్డి మేసే దగ్గర ఇంకోటి వచ్చింది, పళ్ళు బిగబట్టి మింగింది. గేదె పడుకునే దగ్గర వచ్చింది చూడూ, ఆపితే ఆగితేనా! దవడలు విడిపోయేంత ఆవులింత. ఆఆఆ... టుప్!

చెవులు తెరుచుకున్నాయి. చూరు మీద పిచ్చుక వినపడింది. పొయ్యి మీద నీళ్ళు వినపడ్డాయి. ఎర్రమ్మత్త గొంతైతే టముకేసినట్టు వినపడింది.

"అత్తా, ఉండుండు!" అని గవరమ్మ లేచి కుండల మీద పడింది. ఖణ్, ఖణ్, ఖణ్... అన్నిట్లోకీ పెద్దదాన్ని, సన్నాసి ముచ్చటపడి చిలకలు వేసినదాన్ని కొట్టింది. బొద్దు!

"ఇదేనా నీ మంచి కుండ?" అంది. సన్నాసి బండి వచ్చేలోగా వేరే కుండకి రంగు వేశాడు. పెళ్ళిలో ఒక్క చుక్క కారలేదు.

ఆ తర్వాతే అసలు తంటా వచ్చింది. ఎవరికి చెవి దిబ్బడ పడినా ఎర్రమ్మత్త బయలుదేరి వచ్చేది, గేదె కథతో! దిగేది మాత్రం గవరమ్మ ఇంట్లోనే. "నొప్పి పెరిగినా, చీము కారినా, జ్వరమొచ్చినా, రోజులు గడిచినా తగ్గకపోయినా గేదె పనికిరాదు, డాక్టరు దగ్గరికి పొండి" అని చెప్పి చెప్పి గవరమ్మ నోరు నొప్పెట్టేది.

ఏదీ, నువ్వూ ఆవులించావా కన్నా? ఇంకోసారి, పెద్దగా... నీ చెవి కూడా టుప్ మందా? మందీ! మరి పొద్దున్నించీ ఆవిరి పట్టనివ్వకుండా ఇల్లంతా తిప్పావు కదరా నన్ను! ఇంక ఎత్తు దిండు మీదే పడుకో.

గేదె దొడ్డికి, కుండ పెళ్ళికి,
కథ కంచికి, కునుకు కంటికి.