అత్తరు పోయిన దారి

నబీరసూలు టౌను నుంచి నలభై మూడు ఇంగ్లీషు మాటలు నేర్చుకొని వచ్చాడు. ఊళ్లో ఒక్కటి కూడా చెల్లలేదు.

అది పెద్ద జబ్బు ఊళ్ల మీద పడి తిరుగుతున్న ఏడు. ఊరికొకరు చొప్పున చదువుకున్నవాళ్లను పిలిపించి, టౌనులో పది రోజులు శిక్షణ ఇచ్చారు. గుండ్లవంక నుంచి నబీ పోయాడు. అతను దర్గాలో ఉండే లాలప్పస్వామికి శిష్యుడు. డిగ్రీ అయిపోయాక స్వామి దగ్గర చేరి మూడేళ్లయింది.

పొద్దున బస్సు దిగేసరికి అతని సంచి ఘుమఘుమలాడుతోంది. స్వామి కోసం కొన్న అత్తరు సీసా మూత వదులై సగం కారిపోయింది. చేతులతోనే తుడిచి, సీసా బిగించి, ఇంటికి కూడా పోకుండా మైకు పట్టుకున్నాడు.

మద్దిలేటి కొట్టు ముందు నిలబడి నోటుపుస్తకం తెరిచాడు.

"బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. ట్రాన్స్‌మిషన్ ఆపాలి. ఇమ్యూనిటీ లేని పసిపిల్లల్ని, ముసలివాళ్లని కాపాడుకోవాలి."

మద్దిలేటి బెల్లం కొడుతూ తలెత్తాడు. "ఆ మాట పలికేలోపే దమ్మొస్తాంది. ఇంక జబ్బు దేనికి నబీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాలమ్మే ఈరమ్మ క్యాను కింద పెట్టి, "నేనింకా మందు తెచ్చినాడనుకున్యా. మాటలు తెచ్చినాడు" అంది.

"నీకు చెప్పినా అర్థం కాదులే అక్కా" అన్నాడు నబీ. అన్నాక మనసొప్పక, ఆమె క్యాను తనే లేపి నెత్తిన పెట్టాడు.

అట్లా సాయంత్రం దాకా నాలుగు వీధులు తిరిగాడు.

పొద్దు వాలుతుండగా దర్గాకు పోయేసరికి లాలప్పస్వామి అరుగు మీద కూర్చుని నెమలీకల కట్టను గుడ్డసంచిలో పెట్టి మూతి కడుతున్నాడు. వచ్చినవాళ్ల నెత్తిన దాన్ని తాకించి దువా చేయడం ఆయన అలవాటు.

"కట్టేస్తున్నారేంది సామీ?"

"అందరి నెత్తులూ తాకేది కదా. కొన్నాళ్లు పడుకోనీ. నువ్వు ఆ మెట్టు మీదనే కూర్చో, నాయనా."

నబీ మెట్టు మీద కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయింది. "ఈ జనానికి చెప్పడం నా వల్ల కాదు సామీ. పది రోజులు నిద్ర మానుకొని నేర్చుకున్నా. వీళ్లు మాట కూడా పలకలేరు, ఇంక వింటారా?"

"నాకొకటి చెప్పు."

నబీ ముఖం విప్పారింది. "కాంటాక్ట్ ట్రేసింగ్. జబ్బు ఎవరి నుంచి ఎవరికి పోయిందో వెతుక్కుంటూ పోవడం."

"మంచి మాట. ఇంకొకటి?"

"అసింప్టమాటిక్. ఒంట్లో జబ్బుంటుంది, వానికి తెలియదు. దగ్గుండదు, జ్వరముండదు. ఊరంతా పంచుకుంటూ పోతాడు."

"అయ్యో. పాపం, వానికి చెప్పేదెవరు?" అన్నాడు స్వామి.

నబీ సీసా తీసి మెట్టు మీద పెట్టాడు. "మీకోసం తెచ్చినా సామీ. సగం కారిపోయింది."

"కారిన సగం మధ్యాన్నమే అందింది."

నబీకి అర్థం కాలేదు.

"ఈరమ్మ పాలు పోసి పోతే చెంబు అత్తరు వాసనొచ్చింది. మా ఈరమ్మకు ఈ షోకెప్పుడొచ్చిందా అనుకున్నా." స్వామి కర్ర అందుకుని లేచాడు. "పెన్సిలుందా? పది అడుగుల ఎడంగా నా వెనక రా. నేను అడుగుతా, నువ్వు రాసుకో."

మద్దిలేటి కొట్టు ముందు ఆగి, దూరం నుంచే అడిగాడు. "మద్దిలేటీ, నీ చేయి వాసన చూసుకో."

మద్దిలేటి అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని నవ్వాడు. "పెండ్లికొడుకు వాసన సామీ. నబీ తాగి ఇచ్చిన టీగ్లాసుది."

"రాసుకో" అన్నాడు స్వామి.

ఈరమ్మ ఇంట్లో క్యాను పిడికి ఆ వాసన ఉంది. ఆమె కొంగుకుంది. కొంగు పట్టుకొని తిరిగే మేకపిల్ల చెవులకు కూడా ఉంది. నబీకి నవ్వొచ్చింది. రాసుకున్నాడు. పేజీ నిండింది.

"ఈరమ్మా, నా తర్వాత పాలు ఎవరికి పోసినావు?"

"కాశింబవ్వకు సామీ. నా చేత్తోనే చెంబు పట్టుకొని పోసినా."

దర్గా వెనక వీధిలో కాశింబి ఇల్లు. ఆమె మనవరాలు ఎనిమిదో నెలకే పుట్టింది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పంతొమ్మిది రోజులుండి, మొన్ననే ఇల్లు చేరింది. అరచేతిలో పట్టేటంత బిడ్డ. కాశింబి ఆ పంతొమ్మిది రోజులూ దర్గా మెట్లు కడిగింది.

నబీ వీధి మలుపులోనే ఆగిపోయాడు. "సామీ, నేనీ వీధికి రాలేదు. పసిబిడ్డ ఉందని కావాలనే రాలేదు."

"తెలుసు" అని స్వామి వాకిటి బయటే నిలబడ్డాడు. "కాశింబీ, కోడల్ని పిలిచి బిడ్డ నుదురు వాసన చూడమను."

లోపలి నుంచి కోడలి గొంతు వినిపించింది. "అత్తా, పాపకు అత్తరు పూసినావా?"

"నేనెందుకు పూస్తానే" అంటూ కాశింబి గడపలోకి వచ్చింది. "పాలు కాచి, అట్లనే ఎత్తుకున్యా, అంతే."

నబీ పెన్సిలు కదల్లేదు.

స్వామి మెల్లగా అడిగాడు.

"నీ చేతి వాసన నీకు తెలియలేదా నాయనా?"

"పొద్దున కాసేపు తెలిసింది సామీ. తర్వాత తెలియలేదు."

"దానికి నీ పుస్తకంలో మాటుందా?"

"ఉంది సామీ."

ఆ మాట పైకి చెప్పలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, దర్గా వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆ తర్వాత మైకు మోగలేదు. కానీ ఈరమ్మ క్యాను రెండుసార్లు సబ్బుతో తోమి, ఇల్లు కదలకుండా ఉండిపోయింది. మద్దిలేటి కొట్టు ముందు తాడు కట్టి గ్లాసులు లోపల పెట్టేశాడు. కాశింబి మంచం మేకల కొట్టంలో వేసుకొని, మనవరాలిని వాకిటి అవతల నుంచే చూసుకుంది.

గదికి వెనక చిన్న కిటికీ ఉంది. దానిలోంచి ఆ వీధి కనిపించదు గానీ వినిపిస్తుంది. ఐదో రోజు నబీకి ఒళ్లు వెచ్చబడింది. మూడు రోజులుండి తగ్గింది. ఆ మూడు రోజులూ అతను పడుకోకుండా కిటికీకి చెవి పెట్టి కూర్చున్నాడు. బిడ్డ ఏడిస్తే ఊపిరి పీల్చుకునేవాడు.

పదమూడో రోజు పొద్దున గాజులమ్మే మనిషి కేక వినిపించింది. దాని మీద కాశింబి కేక.

"ఆగు, ఆడనే ఆగు. బయటూరి మనిషివి. మేమింకా క్వారంటైన్‌లో ఉండాము."

ఆమె నాలుక ఎక్కడా తడబడలేదు. వెనక ఇంట్లో బిడ్డ గట్టిగా ఏడుస్తోంది, పాలు ఆలస్యమైన ఏడుపు.

గది గడప ముందు గంజిగిన్నె పెట్టిన చప్పుడైంది. స్వామి ఎడంగా జరిగాడు.

"విన్నావా?"

"విన్నా సామీ" అన్నాడు నబీ లోపలి నుంచి.

"గంజి చల్లారుతుంది, తాగు."